నవ్వుకు హద్దెక్కడ? – ఎర్నెస్ట్ లూబిచ్ జీవితరేఖలు

హాస్యరసానికి భయానక, కరుణ రసాలు విరోధులని మన ఆలంకారికులు ఏనాడో నిర్ణయించారు. మృత్యువు ముంగిట నవ్వించబోయినవాడు రసభంగదోషానికి గురికాక తప్పదని వారి అభిప్రాయం. మన శాస్త్రాలతో పరిచయం లేకపోయినా, సరిగా ఈ నియమాన్నే ధిక్కరించి 1942లో ఒక చలనచిత్రాన్ని లోకానికి అందించి, మెప్పుతోపాటు తీవ్రనిందను కూడ మూటగట్టుకున్న దర్శకుడు ఎర్నెస్ట్ లూబిచ్. ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిశీలించి, ఆ నింద ఎంతవరకు న్యాయమో విచారించాలని మా సంకల్పం.

లూబిచ్ 1892 జనవరి 29న బెర్లిన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి సైమన్ లూబిచ్ వృత్తిచేత దర్జీ. స్త్రీల దుస్తుల వ్యాపారం చేసేవాడు. కుమారుడు దుకాణం చూసుకోవాలని తండ్రి కోరిక. కుమారునికి రంగస్థలమే సర్వస్వం. పగలు దుకాణంలో లెక్కలు వ్రాస్తూ, రాత్రులు నాటకశాలలను ఆశ్రయించి, చివరకు 1911లో సుప్రసిద్ధ ప్రయోక్త మాక్స్ రైన్‌హార్ట్ సమాజంలో చోటు సంపాదించారు. అయితే పొట్టి విగ్రహం కావడంచేత నాయక పాత్రలు ఆయనను వరించలేదు. చిన్న వేషగాని మనసులో దాగి ఉండే పెద్ద ఆశ ఎటువంటిదో అక్కడనే ఆయన స్వయంగా ఎరిగారు. ఈ అనుభవం వృథా కాలేదని మున్ముందు చూడగలం.

మూకీ చిత్రాలలో హాస్యపాత్రలు ధరిస్తూ క్రమంగా దర్శకుడైన లూబిచ్, పోలా నెగ్రీ నాయికగా 1919లో తీసిన ‘మదాం దుబారీ’ ద్వారా దేశాంతర ఖ్యాతి గడించారు. 1922లో అమెరికా చేరి, మేరీ పిక్‌ఫోర్డ్ నాయికగా ‘రోజిటా’ చిత్రానికి దర్శకత్వం వహించారు. తరువాత ‘ది మ్యారేజ్ సర్కిల్’, ‘ట్రబుల్ ఇన్ పారడైజ్’, ‘నినోచ్కా’, ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ వంటి చిత్రాలు ఆయనను హాలీవుడ్ అగ్రదర్శకుల పంక్తిలో నిలిపాయి. ఆయన శైలికి ‘లూబిచ్ టచ్’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఏర్పడింది. చెప్పవలసినదంతా చెప్పివేయక, మూసిన తలుపును మాత్రం చూపి, లోపలి కథను ప్రేక్షకుని ఊహకు వదలడం అందులోని కీలకం. మన ఆలంకారికులు ధ్వని అని పేర్కొన్న గుణానికి ఇది సన్నిహిత బంధువని మేము భావిస్తాము.

ఆయన అమెరికాలో కీర్తిశిఖరాలను అధిరోహిస్తుండగా జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. 1935లో నాజీ ప్రభుత్వం లూబిచ్ జర్మన్ పౌరసత్వాన్ని రద్దుచేసింది. మరుసటి ఏడు ఆయన అమెరికా పౌరుడైనారు. స్వదేశం వీడి వచ్చిన కళాకారులను ఆదుకొనడానికి 1938లో పాల్ కోనర్ ప్రభృతులతో కలిసి యూరోపియన్ ఫిల్మ్ ఫండ్ అనే సహాయనిధిని నెలకొల్పారు. 1939 సెప్టెంబరు 3న ‘అథీనియా’ అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచివేసినప్పుడు, పది నెలల ఆయన కుమార్తె దాదితో సహా ఆ ఓడలోనే ఉన్నది. నూరుమందికి పైగా మరణించిన ఆ దుర్ఘటనలో పసిపాప దైవవశాన బ్రతికి బయటపడింది. ఇటువంటి తండ్రి యుద్ధాన్ని వేళాకోళంగా తలచాడని ఎవరు అనగలరు?

కాని అట్లా అన్నవారున్నారు. ఆ మాటకు కారణమైన చిత్రం ‘టు బి ఆర్ నాట్ టు బి’. 1941 నవంబరు, డిసెంబరు నెలలలో చిత్రీకరణ సాగుతుండగానే అమెరికా యుద్ధంలోకి దిగింది. నాజీలు ఆక్రమించిన వార్సా నగరంలో ఒక నాటక సమాజం, తమ దగ్గరున్న నాజీ దుస్తులను, గడ్డాలను, మీసాలను ఆయుధాలుగా చేసుకొని శత్రువును ఏమార్చడం ఇతివృత్తం. ప్రధాన నటుడు యోసెఫ్ తురా మహా అహంభావి. దేశం మునిగిపోతున్నా, తన హామ్లెట్ స్వగతం మధ్యలో ఒక ప్రేక్షకుడు లేచిపోయిన బాధే అతనికి పెద్దది. వన్స్‌మోర్ కోసం ప్రాణం పెట్టిన మన పద్యనాటక నటులను ఎరిగినవారికి ఈ బలహీనత కొత్త కాదు.

చిత్రం విడుదల కాగానే ప్రేక్షకలోకం రెండుగా చీలింది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బోస్లీ క్రౌథర్ దీనిని అభిరుచిలేని పనిగా గర్హించాడు. ముఖ్యంగా ఒక సంభాషణ అందరికీ ములుకైంది. తురా తన నటనతో షేక్స్‌పియర్‌ను ఎంత హింసించాడో, తాము ఇప్పుడు పోలండును అంత హింసిస్తున్నామని ఒక నాజీ అధికారి గర్వంగా పరిహాసమాడతాడు. దీనిని తొలగించవలసినదిగా సన్నిహితులే కోరినా లూబిచ్ అంగీకరించలేదు. తురా పాత్రధారి జాక్ బెన్నీ కూడ యూదుడే. తన కొడుకును నాజీ దుస్తులలో చూడలేక అతని తండ్రి చిత్రశాలనుండి లేచిపోయాడనీ, సంగతి గ్రహించిన పిమ్మట అదే చిత్రాన్ని పదేపదే చూశాడనీ ప్రసిద్ధి. ఒకే మనిషిలో ఇరుపక్షాలూ ఉండవచ్చుననడానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

ఇక్కడ మరొక విషయం గమనింపదగినది. నాయిక కరోల్ లొంబార్డ్ యుద్ధ బాండ్ల ప్రచారం ముగించుకొని తిరిగివస్తూ 1942 జనవరి 16న విమాన ప్రమాదంలో మరణించింది. విమానంలో తనకేమి ప్రమాదం జరుగుతుందని ఆమె తేలికగా పలికే మాట ఒకటి చిత్రంలో ఉండగా, దానిని తీసివేశారని చలనచిత్ర చరిత్రకారులు చెబుతారు. ఒక నవ్వు తీసివేయబడింది. మరొక నవ్వు నిలిచింది. మొదటిది మృతురాలిని తాకుతుంది. రెండవది హంతకుని అహంకారాన్ని బట్టబయలు చేస్తుంది. నవ్వుకు హద్దు లేదని లూబిచ్ అనుకోలేదు. ఆ హద్దు విషయాన్నిబట్టి కాక, నవ్వు ఎవరివైపు గురిపెట్టబడినదన్న దానినిబట్టి ఏర్పడుతుందని ఆయన గ్రహించారు. ఇదే మా తీర్పుకు ఆధారం.

ఆ సమాజంలో గ్రీన్‌బర్గ్ అనే చిరునటుడొకడున్నాడు. బల్లెం పట్టుకొని నిలబడే వేషాలు తప్ప ఎరుగడు. షైలాక్ పాత్ర ధరించాలని అతని జీవితాశయం. చివరకు ఆ అవకాశం రంగస్థలంమీద కాక నాజీ సైనికుల నడుమ లభిస్తుంది. గాయపడిన జాతి మనిషి తానూ మనిషినేనని చెప్పుకొనే ఆ షైలాక్ వాక్యాలను అతడు పలుకుతుంటే, నవ్వుతున్న ప్రేక్షకుని గొంతు పూడుకుపోతుంది. చిత్రమంతటా యూదుడు అన్న పదం వినిపించదు. వినిపించనిదే హృదయాన్ని తాకుతుంది. ఆ పాత్రను ధరించిన ఫెలిక్స్ బ్రెసార్ట్ కూడ జర్మనీనుండి వలస వచ్చిన యూదుడే. రైన్‌హార్ట్ సమాజంలోని ఆ పొట్టి నటుని ఆశ ఇందులో ఫలించిందని మాకు తోస్తుంది.

1943లో తీవ్రమైన గుండెపోటుకు గురైన లూబిచ్ ఆరోగ్యం మరి కుదుటపడలేదు. 1947 మార్చిలో ఆస్కార్ గౌరవ పురస్కారం స్వీకరించి, అదే ఏడు నవంబరు 30న తమ 55వ ఏట కన్నుమూశారు. నిందలకు గురైన ఆ చిత్రం 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర సంరక్షణ జాబితాలో చేరింది.

అయినా ఈ వివాదం సమసిపోలేదు, సమసిపోనవసరమూ లేదు. చిత్రం తీసేనాటికి హత్యాశిబిరాల పూర్తి స్వరూపం లోకానికి తెలియదు. తెలిసిన మనకు కొన్ని నవ్వులు పెదవులమీదనే గడ్డకడతాయి. ఆ సంకోచం మానవత్వ లక్షణమే. విద్యార్థి మిత్రులు ఈ చిత్రాన్ని చూసే అవకాశం కలిగితే, నవ్వు వచ్చిన ప్రతిచోటా ఎవరిని చూసి నవ్వుతున్నామో ఒక్క క్షణం ఆలోచించవలసినదిగా కోరుతున్నాము. బలహీనుని చూసి నవ్వడం సులభం. బలవంతుని ముఖంమీద నవ్వడానికి గుండె కావాలి. దర్జీ కుమారుడైన లూబిచ్‌కు ఆ గుండె ఉండినది.