ఫెర్డినాండ్ పోర్షే - ఒక యంత్రశిల్పి జీవితం

పల్నాటి ప్రజలకు డీజిల్ రైలింజను చిరపరిచితం. అందులోని డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా త్రిప్పదు. జనరేటరును త్రిప్పి విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ విద్యుత్తుతో మోటార్లు చక్రాలను నడుపుతాయి. ఇటువంటి ఏర్పాటుకే బ్యాటరీని జోడించి రోడ్డు బండిని నిర్మించిన తొలితరం వారిలో అగ్రగణ్యుడు ఫెర్డినాండ్ పోర్షే.

ఆయన 1875 సెప్టెంబరు 3న, నేటి చెక్ దేశంలో ఉన్న మాఫర్స్‌డార్ఫ్ గ్రామంలో ఒక రేకుపనివాని ఇంట జన్మించాడు. పగలు తండ్రి వద్ద పనిచేస్తూ, రాత్రులు సాంకేతిక పాఠశాలలో చదివాడు. పద్దెనిమిదవ యేట వియన్నా చేరి, విద్యుత్ పరికరాల సంస్థలో కుదిరాడు. అనంతరం గుర్రపు బగ్గీల తయారీలో పేరొందిన లోనర్ సంస్థలో ప్రవేశించాడు.

1900లో పారిస్ ప్రదర్శనశాలలో ఆయన విద్యుత్ బండి అందరి దృష్టినీ ఆకర్షించింది. ముందు చక్రాల మధ్యభాగంలోనే మోటార్లను అమర్చడం దాని విశేషం. కాని సీసపు బ్యాటరీ బరువే సుమారు 400 కిలోలు! ఛార్జి తరిగితే బండి కదలదు. ఈ లోపాన్ని తీర్చడానికి రెండు చిన్న పెట్రోలు ఇంజన్లను, వాటికి జనరేటర్లను అమర్చి ‘సెంపర్ వివస్’ అనే బండిని రూపొందించాడు. లాటిన్ భాషలో ఆ పేరుకు ‘సదా సజీవం’ అని అర్థం.

ఈ పద్ధతిలో ఇంధనం ఆదా అయ్యే మార్గమేమి? చక్రాలతో సంబంధం లేనందున ఇంజను బండి వేగాన్ని అనుసరించనక్కరలేదు; తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేయగల వేగంలోనే నిలకడగా నడవవచ్చును. మిగిలిన విద్యుత్తు బ్యాటరీలో నిలువ ఉంటుంది. నేటి బండ్లలో బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత కూడ తిరిగి బ్యాటరీకి చేరుతుంది. అయితే శక్తి రూపం మారిన ప్రతిసారీ కొంత నష్టం తప్పదు. కనుక ఆగి ఆగి సాగే పట్టణ ప్రయాణంలో ఇది లాభించినంతగా, ఏకవేగంతో సాగే దూరప్రయాణంలో లాభించదు.

1906లో పోర్షే ఆస్ట్రో-డైమ్లర్ సంస్థకు మారాడు. తరువాతి కాలంలో ఫోక్స్‌వాగన్ కారుకు రూపకల్పన చేసి విశ్వవిఖ్యాతి గడించాడు. కాని ఆ కీర్తికి మచ్చ ఉన్నది. 1937లో ఆయన నాజీ పార్టీలో చేరాడు. యుద్ధకాలంలో ఆ కారు కర్మాగారంలో బందీల చేత నిర్బంధంగా పని చేయించారు. ఇంజను, జనరేటరు, మోటారు అనే ఆ పాత సూత్రమే, ఆయన పేరు పెట్టుకున్న ‘ఫెర్డినాండ్’ యుద్ధశకటమై 1943లో కుర్‌స్క్ రణభూమికి వెళ్ళింది. యుద్ధానంతరం ఫ్రాన్సులో చెరసాల అనుభవించి 1947లో విడుదలైన పోర్షే, 1951 జనవరి 30న కన్నుమూశాడు.

విద్యార్థులారా! రేకుల దుకాణం నుండి అంత ఎత్తుకు ఎదిగిన ఆయన దీక్ష మనకు ఆదర్శం. ఆ ప్రతిభ ఎవరికి ఊడిగం చేసినదో, అది మనకు హెచ్చరిక. బండి ఎంత ఇంధనం త్రాగునో లెక్కించడం శాస్త్రం. అది ఎవరిని ఎక్కడికి మోసుకొని పోవుచున్నదో విచారించడం వివేకం. చదువుకున్నవానికి రెండూ కావలెను.