ఇరుపక్షాలూ ఒప్పుకున్న కాపలాదారు: జనరల్ తిమ్మయ్య



టీవీలో యుద్ధం వార్తలు చూస్తూ, ఇన్ని దేశాలు ఉన్నాయి కదా, ఎవరో ఒకరు వెళ్ళి ఆపొచ్చు కదా అని మీ పిల్లలు అడిగే ఉంటారు. కాల్పులు ఆగాక అక్కడ కాపలా ఎవరు ఉండాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. బలమైన దేశాల కూటమి ఉండాలా, ఏ పక్షానికీ చెందనివాళ్ళు ఉండాలా? ఈ నెల జనరల్ తిమ్మయ్య జీవితాన్ని మీ ముందు పెట్టడానికి కారణం ఈ ప్రశ్నే.

కొడందేర సుబ్బయ్య తిమ్మయ్య 1906 మార్చి 31న కర్ణాటకలోని మడికేరిలో పుట్టారు. బెంగళూరు బిషప్ కాటన్ స్కూల్లోనూ, డెహ్రాడూన్ సైనిక కళాశాలలోనూ చదివారు. ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది 1926లో సైనికాధికారి అయ్యారు. ఆయన పనిచేసిన హైదరాబాద్ రెజిమెంట్ మూలాలు నిజాం కాలపు సేనల్లో ఉన్నాయి. నేటి కుమావూ రెజిమెంట్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడారు. 1948 నవంబరులో 11 వేల అడుగులకు పైగా ఎత్తున్న జోజిలా కనుమకు ట్యాంకులు ఎక్కించి ప్రత్యర్థులను నివ్వెరపరిచారు.

కానీ ఆయనకు ప్రపంచంలో పేరు తెచ్చింది ఆగిన యుద్ధాల దగ్గర చేసిన పని. దేశ విభజన నాడు పంజాబ్ సరిహద్దు దళానికి సలహాదారుల్లో ఆయన ఒకరు. రెండు ప్రభుత్వాల నమ్మకమూ పోవడంతో ఆ దళాన్ని నెల రోజులకే రద్దు చేశారు. నమ్మకం లేని కాపలా ఎలా ఉంటుందో ఆయన దగ్గరగా చూశారు.

1953 జులైలో కొరియా యుద్ధం ఆగింది. స్వదేశానికి వెళ్ళం అంటున్న 22 వేల మందికి పైగా చైనా, ఉత్తర కొరియా ఖైదీలను ఏం చేయాలన్న చిక్కు మిగిలింది. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లొవేకియా, భారత్ సభ్యులుగా తటస్థ దేశాల కమిషన్ ఏర్పడింది. దానికి తిమ్మయ్య అధ్యక్షులు. భారత సైనికులు తన నేల మీద అడుగు పెట్టడానికి వీల్లేదని దక్షిణ కొరియా పట్టుబట్టింది. దాంతో మనవాళ్ళను ఓడల నుంచి హెలికాప్టర్లలో శిబిరాలకు చేర్చారు. సభ్యులు రెండుగా చీలినప్పుడల్లా భారత్ ఓటే కీలకమైంది. శిబిరాల్లో గొడవలు జరిగాయి, కాల్పుల్లో కొందరు ఖైదీలు చనిపోయారు కూడా. ఖైదీలందరికీ విషయం వివరించే పని పూర్తి కాలేదు. అయినా ఎవరినీ బలవంతంగా స్వదేశానికి పంపలేదు. రెండు వైపులా కోపగించుకున్నా, ఆగిన యుద్ధం మళ్ళీ మొదలవలేదు. 1954లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1957 నుంచి 1961 వరకు ఆయన మన సైన్యాధిపతి.

ఇక సైప్రస్ సంగతి. 1963 డిసెంబరులో ఆ ద్వీపంలో గ్రీకు, తుర్కు ప్రజల మధ్య హింస చెలరేగింది. నాటో దేశాల దళాన్ని పంపుతామని అమెరికా, బ్రిటన్ ప్రతిపాదించాయి. ఆ కూటమికి డబ్బూ బలగమూ ఉన్నాయి, త్వరగా చేరుకోగలదు కూడా. అయితే గ్రీస్, టర్కీ రెండూ ఆ కూటమిలోనివే. సైప్రస్ అధ్యక్షుడు మకారియోస్ దాన్ని కాదని, ఐక్యరాజ్యసమితి దళాన్నే కోరారు. 1964 మార్చిలో ఆ దళం ఏర్పడింది. అప్పట్లో దాని ఖర్చుకు దేశాల విరాళాలే ఆధారంగా ఉండేవి. అదే ఏడాది తిమ్మయ్య దాని కమాండర్ అయ్యారు. ఆయన సైనికులు కోతల కాలంలో రైతులకు తోడుగా నిలిచారు, ప్రయాణికుల వాహనాలకు రక్షణగా వెళ్ళారు. పొలానికి, ఊరికి మళ్ళీ భయం లేకుండా వెళ్ళగలగడమే పునర్నిర్మాణంలో మొదటి మెట్టు కదా!

1965 డిసెంబరు 18న, విధుల్లో ఉండగానే, గుండెపోటుతో నికోసియాలో కన్నుమూశారు. మరుసటి ఏడాది సైప్రస్ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదని కూడా పిల్లలకు చెప్పండి. 1974లో సైప్రస్ రెండుగా చీలింది. సమితి దళం నేటికీ అక్కడే ఉంది. కాపలాదారు తగవు తీర్చలేరు, తీర్చుకోవడానికి వ్యవధి మాత్రమే ఇవ్వగలరు. కూటములు డబ్బు, సామగ్రి ఇవ్వవచ్చు. కాపలా మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకున్నవారిదే కావాలని తిమ్మయ్య జీవితం చెబుతోంది.

ఈ ఆదివారం అట్లాసు తెరిచి సైప్రస్, కొరియా ఎక్కడున్నాయో పిల్లల చేత వెతికించండి. తమ వీధిలో రెండు ఇళ్ళవాళ్ళు గొడవపడితే మధ్యవర్తిగా ఎవరిని పిలుస్తారో, ఎందుకో అడగండి. వాళ్ళ జవాబు ఓపికగా వినండి.