క్లౌ దొరగారును విశ్రాంతిదినమును

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 5:12–15, లేవీయకాండము 25:1–17

విశ్రాంతిదినమునుగూర్చిన ఆజ్ఞ ధర్మశాస్త్రములో రెండుచోట్ల వ్రాయబడియున్నది. నిర్గమకాండములో దానికి చెప్పిన కారణము సృష్టి. దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను గనుక మనుష్యుడును విశ్రమింపవలెను. ద్వితీయోపదేశకాండములో కారణము వేరు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులైయుండిరి గనుక, ఆ సంగతి మరువక, తమ దాసునికిని దాసికిని తమతో సమానముగా విశ్రాంతి నియ్యవలెనని అక్కడ చెప్పబడినది. ఎద్దును గాడిదయును సహా విడిచిపెట్టబడలేదు. మన సంఘములలో మొదటి కారణమును తరచుగా బోధింతుము, రెండవదానిని తక్కువగా ముట్టుదుము. ఈ రెండవ కారణమునకు మన తెలుగుదేశములోనే ఒక సాక్ష్యమున్నది. అందుచేత ఈ మాసము ఒంగోలు క్లౌ దొరగారి చరిత్రను చదువరుల యెదుట పెట్టుచున్నాము. ఆయన బాప్టిస్టు, మేడ్చల్ శామీర్‌పేటల చుట్టుపట్ల మన సంఘములు వెస్లియన్ మిషను నాటినవి. అయినను ఈ సంగతి ఏ ఒక్క మిషనుదియు కాదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున మిన్నెసోటా ప్రాంతములో ప్రభుత్వ భూములను కొలుచు సర్వే పని చేసెను. గొలుసు పట్టి నేల కొలుచుట నేర్చిన ఆ విద్య ఇరువది యేండ్ల తరువాత ఎక్కడ అక్కరకు వచ్చునో అప్పుడు ఆయనకు తెలియదు. 1864 నవంబరులో భార్యతోకూడ ఓడ యెక్కి మరుసటి సంవత్సరము నెల్లూరు చేరెను. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరి 1న అక్కడ సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే.

ఒంగోలుకు పడమరగా తాళ్లకొండపాడు అను ఊరిలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద యుండెను. తోళ్ల వ్యాపారము చేయుచు ఊరూర తిరిగినవాడు, గురువులయొద్ద యోగము నేర్చినవాడు, సత్యము కొరకు ఆకలిగొన్నవాడు. అతడు 1866లో బాప్తిస్మము పొంది, దొర పిలువకముందే తన బంధువులకు సువార్త చెప్పనారంభించెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు అక్కడికి వెళ్లి గుడారము వేసినప్పుడు, పేరయ్య బోధించిన జనులు పలు గ్రామములనుండి వచ్చియుండిరి. ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. దొరలే సువార్త తెచ్చిరని మనము అలవాటుగా చెప్పుకొందుము గాని, ఆ మార్గము ముందుగా నడిచినది పేరయ్య పాదములే.

చేర్చుకొనబడిన మాదిగలకు క్లౌ దొరగారు పెట్టిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడింటిలో ఎక్కువ కష్టము తెచ్చినది మొదటిదని మనకు తోచకపోవచ్చును. గుడికి పోవు దినము పని మానుట యేమి గొప్ప యందుము. ఆ కాలపు మాదిగవాడ స్థితి తెలిసినగాని ఇది బోధపడదు.

మాదిగవాడు ఊరికంతటికి పనివాడు. చెప్పులు కుట్టవలెను, కపిలబావికి తోలు బొక్కెన కుట్టవలెను, ఎద్దులకు వారులు చేయవలెను, జాతరలో డప్పు కొట్టవలెను, కబురు మోయవలెను, కోతలకు పోవలెను. ఇందుకు కళ్లములో కొంత ధాన్యము మేరగా కొలిచెదరు. ఏ దినము ఏ వేళ పిలిచినను రాననుటకు వానికి హక్కు లేదు. వాని చేతులు వానివి కావు, వాని దినములును వానివి కావు. అటువంటివాడు ఏడు దినములలో ఒక దినము నేను రానని నిలిచెను. ఒక పూట కూలి పోయినదని గ్రామపెద్దలు కోపపడలేదు. పిలిచినప్పుడు రాకపోవుట అనునది మొదలైనదని కోపపడిరి. డప్పు కొట్టమనుటతో ఆ కోపము రెట్టింపాయెను. క్రైస్తవులను ఊరి బావి దగ్గరకు రానియ్యలేదు, బజారు వీధిని నడవనియ్యలేదు, కుమ్మరి మొదలగు వృత్తులవారిని వారికి పని చేయనియ్యలేదు. వారి పశువులను బందెలదొడ్డిలో పెట్టించిరి. అబద్ధపు నేరములు మోపి కొందరిని చెరసాలకు పంపిరి.

నిర్గమకాండము అయిదవ అధ్యాయము తెరచి చూచిన యెడల ఇదియే కనబడును. మోషే జనులకు పండుగ చేసికొనుటకు సెలవు అడుగగా, ఫరో వారిని సోమరులని నిందించి, గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపకుండ చేసెను. దాసుడు విశ్రాంతి అడిగినప్పుడెల్ల యజమానునికి అది సోమరితనముగానే కనబడును. క్లౌ దొరగారు ఈ విషయములో వెనుకకు తీయలేదు. అధికారుల యొద్దకు పోయి హింసింపబడినవారి పక్షముగా మాటలాడెను. నియమమును సడలించిన యెడల మేర పోకుండునని తెలిసియు సడలింపలేదు. అది కఠినమని అనువారుండవచ్చును. ఆకలి బాధ దొర యింటిలో లేదు, వాడలో ఉండెను. కాని మా అభిప్రాయమేమనగా, ఆ ఆదివారము పోయిన యెడల మాదిగవాడు క్రైస్తవుడై ఆలయములో కూర్చుండియు ఊరికి మునుపటివలె బంటుగానే మిగిలియుండును.

1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. ప్రభుత్వమువారు కరవు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండిరి. ఇతరచోట్ల పనికి పోయిన మాదిగలు పైవారి కాఠిన్యమునకు భయపడుచుండగా, క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును తానే కాంట్రాక్టుగా తీసికొనెను. మిన్నెసోటాలో నేర్చిన సర్వే అక్కడ ఉపయోగపడెను. బోధకులను మేస్త్రీలుగా నియమించి వేలాది ప్రాణములను నిలిపెను. ఎముకలు తేలినవారు పని నడుమ కూర్చున్నప్పుడు బోధకులు వారికి మరల మరల చెప్పినది ఒకే వాక్యము: ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలిచి విశ్రాంతి వాగ్దానము చేసినది. మట్టి తట్ట నెత్తిన మోసినవానికి ఆ మాట వివరింప నక్కరలేదు.

ఆ కాలమున బాప్తిస్మము అడిగినవారు అనేకులు. అన్నము కొరకు అడుగుదురేమోయని ఆయన ఇంచుమించు 15 మాసములు ఎవరికిని ఇయ్యలేదు. సహాయ ధనము పంచుట ముగిసిన తరువాతనే సమ్మతించెను. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున ఆయన నీటిలోనికి దిగలేదు. మన తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా నిలిచి ఇచ్చిరి.

ఇంతటి పని జరిగినను, విశ్రాంతి ఆజ్ఞలో సగమే నెరవేరినదని మేము తలంచుచున్నాము. లేవీయకాండము 25వ అధ్యాయములో ఏడవ దినము ఏడవ సంవత్సరముగా పెరిగి, ఏడేడుల నలువదితొమ్మిది గడచి, ఏబదియవది సునాద సంవత్సరమగును. అప్పుడు దాసుడు విడుదలై యింటికి పోవుటయేగాక, పోగొట్టుకొనిన పొలము మరల వాని వంశమునకు వచ్చును. నజరేతులో మన ప్రభువు యెషయా గ్రంథము విప్పి హితవత్సరమును ప్రకటించినప్పుడు చెరలోనున్నవారి విడుదలనుగూర్చియే చదివెను. ఒంగోలు మాదిగలకు ఆదివారము వచ్చెను, బడి వచ్చెను, పొలము రాలేదు. దానిని ఇచ్చు శక్తి క్లౌ దొరగారికి లేదు.

మన ప్రాంతములో ఈ మాట మరింత దగ్గరగా తగులును. నిజాము కాలములో ఇక్కడి పల్లెలలో వెట్టియుండెను, అప్పు తీరువరకు జీతముండుట యుండెను. వెట్టిచాకిరిని దేశమంతట రద్దుచేసిన చట్టము 1976లో వచ్చినది. మరుసటి యేట, ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్మరాదు, కొనరాదు అని మన రాష్ట్రములో చట్టము చేసిరి. పొలమును శాశ్వతముగా అమ్మకూడదను మోషే ధర్మమునకు ఇది ఎంత సమీపముగా నున్నదో చూడుడు. నగరము పెరిగి, రింగు రోడ్డు వచ్చి, ద్రాక్షతోటలున్నచోట ప్లాట్లు లేచుచుండగా, బిడ్డ పెండ్లికో ఆసుపత్రికో ఆ ముక్కను చేజార్చుకొనిన కుటుంబములు మన సంఘములలో ఎన్నిలేవు.

ఇప్పుడు ఆదివారము సంగతి. గోదాములలోను కంపెనీలలోను షిఫ్టు పడి ఆరాధనకు రాలేని యౌవనస్థులను మనము విశ్వాసము చల్లారినవారని తొందరపడి అనుచున్నాము. వారు విశ్రాంతి వద్దనలేదు. వారికి అది ఇయ్యబడలేదు. మరియొకటి చెప్పవలెను. మనలో కొందరు ఇప్పుడు పని యిచ్చువారైరి. ఇంటిలో అంట్లు తోము అమ్మకు, కోళ్లఫారములో పనివానికి, కారు నడుపువానికి ఆదివారము లేకుండగనే మనము తెల్లబట్టలు కట్టుకొని పాటల పుస్తకము చేతపట్టుకొని వచ్చుచున్నాము. ద్వితీయోపదేశకాండము వారిని పేరుపెట్టినట్లు లెక్కించియున్నది.

క్లౌ దొరగారు ఇంచుమించు నలువదియైదు సంవత్సరములు తెలుగువారి పనిలో నుండి 1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టరులో ప్రభువునందు నిద్రించెను. ఆయన చెప్పిన జీవితచరిత్రను భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ గారు సిద్ధపరచగా 1914లో అచ్చుపడెను. అందులో ఆ మూడు నియమములును, వాటినిబట్టి మాదిగపల్లెలు పడిన శ్రమలును వ్రాయబడియున్నవి.