ఏనుగును మోసిన ఛాతీ, పుండుకు లొంగిన కాలు

తెలుగునాట ఏ ఊళ్లోనైనా ధాన్యపు బస్తాను అవలీలగా భుజానికెత్తుకున్న కుర్రవాణ్ణి కోడి రామ్మూర్తి అనడం ఒకప్పటి వాడుక. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెలకూ ఆ పేరు కొత్తది కాదు. అయితే ఆయన గుండెపై ఏనుగును నిలుపుకున్న సంగతి తెలిసినంతగా, ఆ బలం ఎలా వచ్చిందో, ఆ దేహం చివరికి దేనికి లొంగిందో చాలామందికి తెలియదు.

రామ్మూర్తి నాయుడు 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. చిన్ననాడే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. అక్కడి తాలింఖానాలో కుస్తీ, కసరత్తు పట్టుబడ్డాయి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరం పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరారు. ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు.

ఛాతీకి ఇనుప గొలుసు బిగించుకుని, ఊపిరి పూరించి దాన్ని తెంచేవారు. రెండు చేతులకూ రెండు మోటారు కార్లను కట్టించుకుని, అవి చెరోవైపు లాగుతున్నా కదలనిచ్చేవారు కాదు. ఇంగ్లండులో రాజదంపతుల మెప్పు పొందారు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులిస్ అనే బిరుదులు ఆయన పేరుతో నిలిచిపోయాయి. సంపాదనలో చాలా భాగం దానధర్మాలకే వెచ్చించారు.

ఇంతటి మనిషి శాకాహారి. ప్రాణాయామం ఆయన నిత్యకృత్యం. గొలుసు తెగినా, ఏనుగు నిలిచినా అందులో కండ పాలెంతో, ఊపిరి బిగపట్టే సాధన పాలూ అంతే. ఆ సాధన ఏళ్ల తరబడి సాగింది. నెల రోజుల్లో కండలు పెంచే మందులేవీ ఆయన ఎరుగరు.

అంతటి దేహాన్నీ ఒక పుండు కుంగదీసింది. కాలికి లేచిన పుండు ముదిరి, చివరికి కాలే తీసివేయవలసి వచ్చింది. పెన్సిలిన్ వంటి మందులు సామాన్య వైద్యంలోకి ఇంకా రాని రోజులవి. శస్త్రచికిత్స వేళ మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే నిబ్బరంగా ఉన్నారని చెప్పుకుంటారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, ఒరిస్సా సంస్థానాల ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. అప్పటికి సుమారు అరవై ఏళ్లు.

కండ ఉన్నంత మాత్రాన రోగం దరి చేరదనుకోవడం పొరపాటని ఈ జీవితం చెబుతుంది. కాటా మీద కనిపించే బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో తెలియదు. చూపుకు బక్కపలచగా ఉండి రోజంతా మిరప చేలో వంగి పనిచేసే మనిషి ఆరోగ్యవంతుడు కావచ్చు. బొద్దుగా కనిపించే మనిషికి చక్కెర వ్యాధి, రక్తపోటు లోలోపల ముదురుతూ ఉండవచ్చు. చక్కెర వ్యాధి ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే త్వరగా మానదు. పత్తి చేలలో చెప్పులు లేకుండా తిరిగేవారు రాత్రి పడుకునే ముందు పాదాలు కడిగి, అరికాళ్లు చూసుకోవాలి. వారంలో మానని పుండుకు పసరు కట్టి ఊరుకోక డాక్టరుకు చూపించాలి. పుండు ఎర్రబడి వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వారం కూడా ఆగరాదు.

అలాగని కండ అక్కరలేనిదీ కాదు. నడివయసు దాటాక పని మానేసిన దేహంలో కండ కరుగుతుంది. లేచి నిలబడటానికే చేయూత కావలసి వస్తుంది. పప్పు, పాలు, వేరుశనగ, వీలైనవారికి గుడ్డు, రోజూ ఒంటికి కొంత శ్రమ ఉంటే అది నిలుస్తుంది. ఉయ్యూరు దగ్గర గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తడంలో దేశమంతా పేరు పొంది, 1963లో వచ్చిన నర్తనశాల చిత్రంలో భీముడి వేషం కట్టారు. తెరపై ఆయన్ను చూసి కసరత్తు మొదలుపెట్టాలనుకునే కుర్రవాళ్లు, రామ్మూర్తి కాలి సంగతి కూడా గుర్తుంచుకుంటే మేలు.