ముప్ఫై రూపాయల మాస్టారు

మూడో సంవత్సరం అయిపోతోందంటే చాలు, మన హాస్టళ్ళలో రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి సర్టిఫికేషను, రెండోది నెట్‌వర్కింగు. పీఎంపీ చెయ్యాలా, సిక్స్ సిగ్మా చెయ్యాలా, లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్లు ఐదొందలు దాటాయా లేదా అని లెక్కలేసుకుంటాం. ఆ లెక్కల అడుగున ఉన్న భయం మాత్రం ఒక్కటే. శ్రీకాకుళం, విజయనగరం వైపు చదువుకున్న మనల్ని ఎక్కడో బెంగళూరులోనో హైదరాబాదులోనో కూర్చున్నవాళ్ళు ఎందుకు పట్టించుకుంటారు?

దాదాపు నూట నలభై ఏళ్ళ కిందట ఇదే నేల మీద ఒక కుర్ర మాస్టారు ఇంతకంటే మారుమూల నుంచి మొదలుపెట్టారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అంటూ మనం ఎవరి పటానికి దండ వేస్తామో ఆయనే, గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమం గురించి స్కూల్లో రెండు మార్కుల ప్రశ్నకి చదువుకున్నాం. ఆయన ఉద్యోగం ఎలా చేశారో, పరీక్షలు ఎలా రాశారో, పరిచయాలు ఎలా పెంచుకున్నారో మాత్రం పెద్దగా చెప్పుకోం. ఇప్పుడు ఆ సంగతే చూద్దాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార పక్కన ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన జ్వరం వచ్చి పోయారు. అప్పటికి పిల్లాడికి పన్నెండేళ్ళు. చదువు విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో సాగింది. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ స్కూల్లో ఆయనతో పాటు చదువుకున్న ఇంకో కుర్రాడు గురజాడ అప్పారావు. ఈ ఇద్దరి స్నేహం తర్వాత ఎంత దూరం వెళ్ళిందో ముందు ముందు చూస్తాం.

1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉద్యోగం దొరికింది. చెప్పాల్సింది చరిత్ర. జీతం నెలకి ముప్ఫై రూపాయలు. పెళ్ళయింది, ఇంటి బరువు మీద పడింది, ఇక కాలేజీలో చేరే ప్రసక్తే లేదు. పర్లాకిమిడి అంటే మన పాతపట్నం దాటగానే వచ్చే ఊరు, ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక కొస. విశ్వవిద్యాలయం ఉన్నది మద్రాసులో. కోస్తా వెంబడి పెద్ద రైలుమార్గం 1890ల్లో గానీ పడలేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చేసరికి 1900 అయింది.

అలాంటి చోట ఉంటూ, పగలు పిల్లలకి పాఠాలు చెబుతూ, ఆయన ప్రైవేటుగా పరీక్షలకి కట్టారు. 1886లో ఎఫ్.ఏ. పాసయ్యారు. అది మన ఇంటర్ లాంటిది. ఆ తర్వాత 1890ల్లో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. అయింది. మెట్రిక్ నుంచి డిగ్రీకి సుమారు పదిహేనేళ్ళు! ఆ పట్టా ఊరికే పోలేదు. రాజావారి స్కూలు కాలేజీ అయ్యాక పై తరగతులకి కూడా పాఠం చెప్పే అర్హత ఆయనకి దానివల్లే వచ్చింది. కాబట్టి కాగితానికి విలువ లేదని ఎవరూ అనక్కర్లేదు. కాకపోతే ఆ కాగితం వెనక అప్పటికే పదేళ్ళ పైబడిన పని ఉంది. ఇవాళ పీఎంపీ పరీక్షకి కూర్చోవాలన్నా డిగ్రీ ఉన్నవాళ్ళని మూడేళ్ళ ప్రాజెక్టు అనుభవం చూపించమంటారు. పని ముందు, పరీక్ష తర్వాత అన్న పద్ధతి కొత్తదేం కాదు.

ఆయన చేసిన ఆ పని ఏమిటంటే, చరిత్ర పాఠాన్ని పుస్తకంలోనే ఆపెయ్యలేదు. సొంతూరి పక్కనే శ్రీముఖలింగం గుళ్ళు. గోడల నిండా శాసనాలు. రోజూ వందమంది చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయే రాళ్ళవి. రామమూర్తి గారు ఆ పాత లిపులు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తనంతట తానే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. తూర్పు గాంగ రాజుల చరిత్ర అందులో బయటపడింది. వాళ్ళ రాజధాని కళింగనగరం ఎక్కడన్నది అప్పటి పండితుల్లో తెగని చర్చ. అది సముద్రం ఒడ్డునున్న కళింగపట్నం అని కొందరి అభిప్రాయం. కాదు, ముఖలింగమూ దాని చుట్టుపక్కల ప్రాంతమూ అని ఆయన ఆధారాలతో రాశారు.

రాసి ఊరుకోలేదు, బయటికి పంపారు. నరసన్నపేట వైపు నడగాం అనే ఊళ్ళో దొరికిన వజ్రహస్తుడి రాగిరేకులు శక సంవత్సరం 979 నాటివి. వాటి పాఠాన్నీ వివరణనీ ఆయన ఇంగ్లీషులో సిద్ధం చేస్తే, ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున వచ్చే ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో అచ్చయింది. దాని సంపాదకుడు హుల్ట్ష్ అనే జర్మన్ పండితుడు, ప్రభుత్వ శాసన పరిశోధకుడు. పర్లాకిమిడి మాస్టారి పేరు దేశంలో పెద్ద పండితులు చదివే పుటల్లోకి వెళ్ళిందంటే సిఫార్సు వల్ల కాదు. ఆ రాగిరేకులు చదివి చెప్పగలిగిన మనిషి వాటి పక్కనే ఉన్నాడు, అందువల్ల.

విజయనగరంలో గురజాడ దారి కూడా ఇలాంటిదే. ఆయన ఇంగ్లీషులో రాసిన సారంగధర కావ్యం 1883లో ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో వచ్చింది. దాన్ని చూసి కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ ముచ్చటపడి మళ్ళీ అచ్చువేశారు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. విజయనగరానికీ కలకత్తాకీ మధ్య వంతెన వేసింది ఒక కావ్యం, కాసిని పోస్టు బిళ్ళలు.

గిడుగు వారు చేసిన రెండో పని ఇంకా కష్టమైనది. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాషకి అప్పుడు రాత లేదు. సంతకి వచ్చి, మాట అర్థంకాక మోసపోయి వెళ్ళేవాళ్ళు. ఆ భాష నేర్చుకుందామని, సవరా తెలుగూ రెండూ వచ్చిన ఒకాయన్ని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్ళకి జీతాలిచ్చారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వేసుకున్న క్వినైను వల్ల చెవుడు వచ్చింది. మాటల ధ్వనులు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం ఎంత నష్టమో ఆలోచించండి. అయినా ఆ పని ఆగలేదు. ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే తనకొద్దని, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమని అడిగారు.

శాసనాలు చదివినా, సవర భాష రాసుకున్నా ఆయనకి ఒక సంగతి తేలిపోయింది. భాష మనుషుల నోట్లో ఉంటుంది, కాలంతో మారుతుంది. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ లాంటి యూరప్ భాషాశాస్త్రజ్ఞుల పుస్తకాలు తెప్పించుకుని చదివితే వాళ్ళూ అదే చెబుతున్నారు. ఇలా తయారై ఉన్న సమయంలో, 1906 ప్రాంతంలో, ఉత్తర కోస్తా జిల్లాలకి యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చారు. తెలుగు పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో భాష ఇంకొకటి ఎందుకుందని ఆయనకి సందేహం. దానికి జవాబు గిడుగు దగ్గరా గురజాడ దగ్గరా దొరికింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు వాళ్ళతో కలిశారు. ఒక ఇంగ్లీషు అధికారి, ఒక తమిళ ప్రిన్సిపాలు, విజయనగరంలో చదువుకున్న ఇద్దరు పాత నేస్తాలు. ఆధునిక తెలుగు వచనానికి దారి వేసిన బృందం ఇంతే.

1911లో మాస్టారు ఉద్యోగం వదిలేసి పూర్తిగా దీని మీదే కూర్చున్నారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో పెద్ద విజ్ఞాపన రాసి అచ్చువేశారు. అయితే పరిచయాలుంటే అన్నీ జరిగిపోతాయనుకుంటే పొరపాటే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రాంథికవాదులదే పైచేయి అయింది. కమిటీలో ఉన్న గురజాడ తన అసమ్మతిని విడిగా రాసిచ్చారు. మరుసటేడు, 1915 నవంబరు 30న, గురజాడ కన్నుమూశారు. విజయనగరం స్కూలు రోజుల నాటి తోడు పోయింది. పోరు సగంలో ఉంది, చెవులు సరిగ్గా వినపడవు, వయసు యాభై దాటింది.

అక్కణ్ణుంచి ఆయన మళ్ళీ మనుషుల్ని కూడగట్టారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. అదే ఏడు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే, ఒకప్పుడు గ్రాంథికం రాసిన కందుకూరి వీరేశలింగం గారు దానికి అధ్యక్షులయ్యారు, గిడుగు కార్యదర్శి. ఎదుటి పక్షంలోని పెద్దమనిషి తమవైపు రావడం కంటే గొప్ప పరిచయం ఏముంటుంది? 1925లో తణుకు సభలో గంటల తరబడి మాట్లాడి, పండితుల పుస్తకాల్లోంచే ఉదాహరణలు తీసి చూపించారు. వాదం గెలిచింది గొంతు వల్ల కాదు, ఆ ఉదాహరణల వల్ల.

సవర పని కూడా చివరికి అచ్చయింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. మొదటి మాట రాసుకున్నప్పటి నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ళ సంగతి. బిరుదులూ కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చాయి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. ప్రైవేటుగా పరీక్షలు రాసుకున్న మాస్టారికి అది విశ్వవిద్యాలయం పిలిచి ఇచ్చిన పట్టా.

అంతటి పేరున్నా ఒకటి మాత్రం ఆయన వల్ల కాలేదు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపొద్దని గట్టిగా పోరాడారు. 1936 ఏప్రిల్ 1న కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ రోజే ఆయన యాభై ఆరేళ్ళు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్భై రెండేళ్ళు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మనం ఈ పత్రికలో ఇలా, మాట్లాడుకున్నట్టు రాసుకుంటున్నామంటే ఆయన చలవే. ప్రొఫైల్ పెట్టుకోండి, పరీక్షలూ రాయండి, అవతలివాళ్ళకి మెసేజీ కూడా పెట్టండి. కాకపోతే పంపే ముందు ఒక్కసారి చూసుకోండి: మన పేరుతో పాటు ఏం పంపుతున్నాం? వంశధార, నాగావళి పక్కన ఉన్నవాళ్ళకే తెలిసే సమస్యలు మన చుట్టూ చాలా ఉన్నాయి. వరద నీటి లెక్కలు, జీడిపప్పు బట్టీల పొగ, ఉద్దానంలో కిడ్నీ జబ్బు. వీటిలో ఒక్కదాన్ని ముఖలింగం రాయిలా కూర్చుని చదివితే చాలు, ఆ ఉత్తరం తెరిచి చూసేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు.