ఆకాశమార్గ నిర్మాత: జె. ఆర్. డి. టాటా

రెండు నగరముల నడుమ గల దూరమును మానవుడు తగ్గింపజాలడు. ప్రయాణమునకు పట్టు కాలమును మాత్రము తగ్గింపగలడు. మన దేశమున ఈ కార్యమునకు పూనుకొనిన వారిలో అగ్రగణ్యుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. ఆయన నెలకొల్పిన తొలి విమానమార్గమున మన బళ్లారియు నొక మజిలీ యగుట మనకు గర్వకారణము.

టాటా 1904 జూలై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. అందుచే ఆయనకు చిన్ననాట అలవడిన భాష ఫ్రెంచి. ఆ కుటుంబము వేసవి గడపు సముద్రతీర గ్రామమునందే, 1909లో ఇంగ్లీషు కాలువను విమానముపై దాటిన బ్లేరియోకు గృహముండెను. అచట విమానములను చూచిన బాలునికి తానును ఎగురవలెనను కోరిక కలిగెను. 1929 ఫిబ్రవరి 10వ తేదీన ఆయన భారతదేశమున ఈయబడిన మొదటి విమానచోదక లైసెన్సును పొందెను.

ఆ దినములలో లండను నుండి కరాచీకి విమానమున వచ్చిన ఉత్తరములు బొంబాయికిని, మదరాసుకును రైలుపై రావలసియుండెను. ఈ లోపమును తీర్చు యోచనను నెవిల్ విన్సెంట్ అను విమానచోదకుడు తెలుపగా టాటా దానిని స్వీకరించెను. 1932 అక్టోబరు 15వ తేదీ ఉదయమున ఆయన ఒంటి ఇంజను గల పుస్‌మాత్ విమానమున 25 కిలోల తపాలాతో కరాచీని విడిచెను. అహమ్మదాబాదులో పెట్రోలు నింపుకొని, మధ్యాహ్నము రెండు గంటలు కాకమునుపే బొంబాయిలోని జుహూ మైదానమున దిగెను. అచటినుండి విన్సెంట్ తపాలాను బళ్లారి మీదుగా మదరాసుకు చేర్చెను. కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి రమారమి 1,030 కిలోమీటర్లు. బొంబాయి నుండి బళ్లారి మీదుగా మదరాసుకును దాదాపు అంతియే. అంత దూరమును ఒక్క బిగిన దాటుట ఆ చిన్న విమానమునకు సాధ్యము గాదు గనుక నడుమ మజిలీలు ఆవశ్యకములయ్యెను. దారి తెలుపు రేడియో లేదు. నేలపై దీపములు లేవు. అయినను మొదటి సంవత్సరమున, వానకాలమునందు సైతము, తపాలా వేళ తప్పలేదు.

ఆ సంస్థయే 1946లో ఎయిర్ ఇండియా ఆయెను. 1948 జూన్ 8వ తేదీన బొంబాయిలో బయలుదేరిన విమానము కైరో, జెనీవాల మీదుగా, సుమారు 5,000 మైళ్లు దాటి 10వ తేదీన లండను చేరెను. నేడు నడుమ ఆగని జెట్ విమానమునకు ఈ ప్రయాణము దాదాపు పది గంటల పని. 1953లో ప్రభుత్వము విమానయానమును జాతీయము చేసిన పిదపను, టాటా 1978 వరకు ఎయిర్ ఇండియాకు అధ్యక్షుడై యుండెను. 1982లో, తన 78వ యేట, ఆయన మరల చిన్న విమానమును తానే నడుపుచు కరాచీ నుండి బొంబాయికి వచ్చెను. 1992లో భారతరత్న బిరుదమునంది, 1993 నవంబరు 29వ తేదీన జెనీవాలో కన్నుమూసెను.

బాలబాలికలారా! కరాచీ నేడు అన్యదేశమున నున్నది. నాడు మదరాసు రాష్ట్రములోనిదైన బళ్లారి 1953లో మైసూరున చేరి, నేడు కర్ణాటకమున నున్నది. ఎల్లలు మారినను ఆ మార్గమును వేసినవాని కీర్తి మాసిపోలేదు. ఫ్రెంచి మాటలతో పెరిగిన బాలుడు ఈ దేశమునకే రెక్కలు తొడిగెను. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును వినుచు పెరుగు మీకు ఇది స్మరణీయము. రెండు భాషల నడుమ దూరమును రెండు నగరముల నడుమ దూరము వంటిదే. వేళ తప్పని శ్రద్ధ గలవానికి అది దగ్గరదారి యగును.