చిత్తప్రసాద్: కథలెరుగని బాలల చిత్రకారుడు

పెడనలో కలంకారీ అచ్చు చెక్కే పనివాడు టేకుచెక్కపై పువ్వు గీతను అంటకుండా దాని చుట్టూ ఉన్న చెక్కను తొలిచివేస్తాడు. మిగిలిన గీతయే రంగు పట్టి వస్త్రంపై పువ్వై నిలుస్తుంది. ఇదే పద్ధతిని లినోలియం పలకపై సాగించి, పువ్వులకు మారుగా బడి ఎరుగని పిల్లలను కాగితంపై అచ్చువేసిన వంగదేశీయుడు చిత్తప్రసాద్. వంగదేశపు ముద్రణచిత్రకళ బందరుకు కొత్తది కాదు. అందులో పేరుగాంచిన రమేంద్రనాథ్ చక్రవర్తి ఇక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ బోధించారు. అయినను బాలల విషయం వచ్చినపుడు ముందుగా తలచుకోవలసినది చిత్తప్రసాద్‌నే.

ఆయన 1915లో నైహాటిలో జన్మించారు. కులాన్ని తెలిపే భట్టాచార్య అన్న ఇంటిపేరును తామే విడిచిపెట్టారు. చిట్టగాంగులో కమ్యూనిస్టు ఉద్యమంలో ప్రవేశించి, దాని కొరకే గోడపత్రాలు, బొమ్మలు వేయసాగారు. చిత్రకళ స్వయంకృషితో సాధించినదే. 1943 కరవులో మిడ్నపూరు జిల్లా గ్రామాలు తిరిగి, ఆకలితో కృశించిన మనుషులను సిరాతో చిత్రించి 'హంగ్రీ బెంగాల్' అన్న చిన్న పుస్తకం వెలువరించారు. ఆంగ్ల ప్రభుత్వం దాని ప్రతులను పట్టి తగులబెట్టించింది. కుటుంబం భద్రపరచిన ఒక ప్రతిని బట్టి 2011లో అది మరల అచ్చయినది.

1946లో బొంబాయి చేరి, అంధేరీలో నిరాడంబరంగా నివసించారు. కొంతకాలానికి పార్టీకి దూరమయ్యారు. పేదరికం మాత్రం దూరం కాలేదు. లినోలియం చవక. ఒక్క పలక నుండి అనేక ప్రతులు తీయవచ్చును. సామాన్యుని ఇంటికి చేరవలసిన చిత్రానికి ఇంతకన్న తగిన సాధనం లేదు.

1951-52లో ఆయన చెక్కిన చిత్రాల వరుసకు 'ఏంజెల్స్ వితౌట్ ఫెయిరీ టేల్స్' అని పేరు. అద్భుత కథలు నోచుకోని దేవదూతలన్న మాట. బూట్లు తుడిచే బాలుని వంటి శ్రమజీవులే ఇందులోని దేవదూతలు. పలక పట్టవలసిన చేతికి పనిముట్టు వచ్చింది. కథ వినవలసిన వేళ కూలికి పోయింది. చిత్రకారుడు జాలి కొరకు వారిని చిన్నబుచ్చలేదు. ఈ చిత్రాల గొప్పతనం అక్కడనే ఉన్నదని నా అభిప్రాయం. నాట్లు, కోతల రోజుల్లో గుడివాడ, దివిసీమ పల్లెల బడులలో వరుసలు పలుచబడుట చూచిన ఉపాధ్యాయులకు ఈ పిల్లలు అపరిచితులు కారు.

కాలాన్ని గమనించండి. పదునాలుగేండ్ల వరకు బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేండ్లలో సమకూర్చుటకు యత్నించవలెనని 1950లో అమలైన రాజ్యాంగం 45వ అధికరణంలో ఆదేశించింది. ఆ గడువు నడుస్తుండగనే ఈ పలకలు చెక్కబడినవి. గడువు 1960లో ముగిసింది. చిత్రాలు పుస్తకంగా వెలువడినది 1969లో, అదియును డెన్మార్కు యూనిసెఫ్ సంఘం చేతుల మీదుగా. అప్పటికి ఆ బాలలు తామే తల్లిదండ్రులై యుందురు.

ఆయన ఊరకుండలేదు. 'ఖేలాఘర్' అన్న బొమ్మలాటశాల ఏర్పరచి, తానే బొమ్మలు చేసి, మురికివాడల పిల్లలకు కథలు ఆడించి చూపారు. 1978లో కన్నుమూశారు. విద్య బాలల ప్రాథమిక హక్కు అయినది 2002 నాటి రాజ్యాంగ సవరణతో. దానికి చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్‌లో అమలైనది.